పడిపోయాక ప్రార్థన చేయాలనిపించడం లేదా?

మళ్లీ అదే పాపంలో పడ్డాను, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ప్రార్థించాలి? ఇలా అనుకుని చాలామంది బైబిల్ యాప్ తెరవడమే మానేస్తారు. కొన్నాళ్లు బాగుండి, అప్పుడు వెళ్దాంలే అనుకుంటారు.

పేతురును చూడండి. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు బొంకాడు. తర్వాత యోహాను 21లో చేపల వేటకు వెళ్లాడు, రాత్రంతా ఒక్క చేపా పడలేదు. తెల్లవారేసరికి ఒడ్డున యేసయ్య ఉన్నాడు, పక్కన మళ్లీ బొగ్గుల మంట. ఈ రెండు మంటలకూ గ్రీకులో ఒకటే మాట. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండు చోట్లే ఉంది! అంటే, పేతురు ఓడిపోయిన చోటును ప్రభువు దాటేయలేదు. కానీ ముందు టిఫిన్ పెట్టాడండి. తిన్నాకే అడిగాడు. అదీ ఎందుకు బొంకావని కాదు, ప్రేమిస్తున్నావా అని. మూడుసార్లు. మూడోసారి పేతురుకి బాధేసింది, అయినా లేచి వెళ్లిపోలేదు.

అందుకే ఈ రాత్రి "ప్రభువా, తప్పులన్నీ క్షమించు" అని పైపైన చెప్పి పడుకోకండి. చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పండి. బాధేస్తుంది, వేయనివ్వండి. పేతురు జవాబు చెప్పిన ప్రతిసారీ ప్రభువు తన గొర్రెలను అతనికే అప్పగించాడు, అప్పటికప్పుడే, ఆ ఒడ్డునే.