పట్టికకెక్కిన పేరులు, చరిత్రకెక్కని బ్రతుకులు

నెల్లూరిసీమ వారికి బృహన్నల క్రొత్తగాదు. మనుమసిద్ధి కొలువున మంత్రియై వెలసిన తిక్కన సోమయాజి తన భారతరచనమును విరాటపర్వముతోడనే యారంభించెను. ఉత్తరకు నాట్యము నేర్పిన యా పేడిరూపమును గూర్చి మనవారు ఏడువందల యేండ్లకు పైగా చదువుచున్నారు, వినుచున్నారు. ఆ యొక్క యేటి కథ మనకింత పరిచితము. కాని ఆత్మకూరు బజారులోనో, ఉదయగిరి త్రోవలోనో మనకెదురుపడు హిజ్రా యెచ్చట పుట్టినదో, ఏల యిల్లు విడిచినదో, ఎవరి పంచ చేరి బ్రతుకుచున్నదో మనలో నెందరికి దెలియును? శుభకార్యమునకు వచ్చి దీవించిన పైకమిచ్చి పంపుదుము. ఒక్క మాట యడుగము.

వారిని గూర్చిన వ్రాతలు లేకపోలేదు. అవి యెవరు వ్రాసినవో విజ్ఞులు గమనింపవలయును. 1871వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టమున నొక భాగము నపుంసకులకే కేటాయింపబడెను. ఉత్తర హిందూస్థానమున వారి పేరులు, ఆస్తులు పోలీసు పట్టికలకెక్కెను. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, అట్టి శాసనమే పుట్టెను. స్త్రీవేషముతో వీథిని గానవచ్చినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చుననియు, రెండేండ్లవరకు ఖైదు విధింపవచ్చుననియు దాని సారాంశము. రాజ్యము పోయినను శాసనము నిలిచినది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. నెల్లూరు చెన్నరాజధానిలోనిదగుటచే నీ నిజాము శాసనము మనకంటలేదు. అయినను వారి బ్రతుకులు మన గ్రామచరిత్రలలోను చోటుచేసికొనలేదు.

పట్టిక పేరును, ఉనికిని చెప్పును. 2011 జనాభా లెక్కలు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ‘ఇతరులు’ 43,769 మంది యని చెప్పెను. 2014లో సుప్రీముకోర్టు వారిని మూడవ లింగముగా గుర్తించి, తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు వారిదేయని తీర్పిచ్చెను. ఇవి గొప్ప సంగతులే. కాని ఇల్లు వెడలగొట్టిననాడు చేరదీసిన గురువెవరో, చేలాలు ఆమెను ముసలితనమున నెట్లు సాకిరో, తల్లికి రహస్యముగా పంపిన పైకమెంతయో లెక్కలు చెప్పవు, తీర్పులు చెప్పవు. చెప్పగలవారు వారే.

నోటిమాట చరిత్రయగునా యని కొందరు శంకింతురు. అనంతసాగరము చెరువుక్రింద తూముల వంతునుగూర్చి తగవు వచ్చినపుడు మనమెవరి నడుగుదుము? కాగితముతోపాటు ముసలిరైతు మాటయు విందుము. సోమశిల జలాశయమున మునిగిన యూళ్లలో నే చింతక్రింద పంచాయితి జరిగెనో పటములు చెప్పవు. అచ్చట పుట్టిపెరిగినవారు చెప్పుదురు. పొలమునకు, చెరువునకు చెల్లిన సాక్ష్యము మనుష్యుల బ్రతుకునకు చెల్లకపోవుట న్యాయముగాదు.

ఇట్టి విషయములు పెద్దలు చదువు పత్రికలలో దగునా యని మరికొందరు ముఖము చిట్లింతురు. పొరుగు తమిళదేశమున ఎ. రేవతి, తానును హిజ్రాయే, తోడివారి బ్రతుకు కథలను వారి నోటనే విని 2004లో ‘ఉణర్వుం ఉరువముం’ అను గ్రంథముగా వెలువరించెను. పిమ్మట తన యాత్మకథను వ్రాసెను. దానిని పి. సత్యవతిగారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’ యను పేర తెనిగింపగా, 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించెను. సికిందరాబాదు హిజ్రాల నడుమ మెలగి గాయత్రీరెడ్డి 2005లో నొక యాంగ్ల గ్రంథము ప్రకటించెను. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు ఇట్టి వాఙ్మూలములను భద్రపరుప బూని, ఆ పనిని ఆండ్రియా జెన్కిన్సు అను ట్రాన్సుజెండరు కవయిత్రికే యప్పగించిరి. సాహిత్య సంస్థలు, విద్యాపీఠములు ఆదరించినదానిని మన గ్రంథాలయములు వెలివేయ నేల?

అయితే ఈ పని పోలీసు పట్టికకు మారుపేరు కారాదు. చెప్పిన కథ బయటపడినచో నొకరికి అద్దెయిల్లు పోవచ్చును, మరియొకరికి పుట్టింటివారితో మిగిలిన పాటి సంబంధమును తెగవచ్చును. కావున ముందుగా సమ్మతి గైకొనవలయును. పేరు దాచుమన్న దాచవలయును, తీసివేయుమన్న తీసివేయవలయును. వారి మాటను మన గ్రాంథికమునకు దిద్దక వారు పలికినట్లే యుంచవలయును. వ్రాసినది వారికి చదివి వినిపించి, ప్రతి నొకటి వారి చేతికీయవలయును. హిజ్రాలనే గాక, స్త్రీజన్మమెత్తి పురుషులై బ్రతుకువారినిగూడ మరువరాదు; వారు జనము కంట బడుట మరింత యరుదు. వృద్ధుల వాఙ్మూలమును మొదట గైకొనవలయును. వారితో బోవునది మరల దొరకదు.

దీనికి మహాధనము వలదు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో నోర్పుగల యుపాధ్యాయులు నలువురు, కళాశాలా విద్యార్థులు పదుగురు పూనుకొనిన చాలును. ధ్వనిని పట్టు యంత్రము నేడు ప్రతివాని జేబులోను ఫోనై యున్నది. భూస్వాములు తమ వసారా నొకపూట విడిచి, వచ్చినవారికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టినచో సగము పని జరిగినట్లే.

బృహన్నల యజ్ఞాతవాసము ఏడాదితో ముగిసెను. వీరిది తరతరములుగా సాగుచున్నది. దానిని ముగించు మాట వారియొద్ద గలదు. వినుట మన విధి.