గుండె లయ, కొండ మెట్లు – పేస్‌మేకర్ గల భక్తులకు కొన్ని సూచనలు

ఇంద్రకీలాద్రిపై కొలువైన శ్రీ కనకదుర్గమ్మవారిని దర్శించే భక్తులలో, ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ కొండ ఎక్కేవారు అనేకులు. ఏళ్ల తరబడి ఈ మెట్ల పూజను మొక్కుగా ఆచరించిన ఒక గృహిణికి అరవై అయిదేళ్ల వయస్సులో పేస్‌మేకర్ అమర్చారని అనుకుందాం. శస్త్రచికిత్స అనంతరం కళ్లు తిరగడం పోయింది. స్పృహ తప్పడం ఆగింది. కాని పదిహేను మెట్లు ఎక్కేసరికి ఆయాసం. యంత్రం పెట్టించుకున్నా ఇంతేనా అనే దిగులు ఒకవైపు, అమ్మవారికి తనమీద కోపం వచ్చిందేమో అనే బాధ మరొకవైపు. ఇంకొందరైతే ఈ నీరసానికి మందులే కారణమని తలచి, తమంతట తామే మాత్రలు మానివేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఆయాసం అమ్మవారి ఆగ్రహమూ కాదు, వయస్సుతో సరిపెట్టుకోవలసిన కర్మా కాదు. అది శరీరం చెబుతున్న సమాచారం. దానిని వైద్యునికి సరిగా చేరవేస్తే చాలా సందర్భాలలో ఉపశమనం లభిస్తుంది.

పేస్‌మేకర్ ఏమి చేస్తుంది?

మన డెల్టా ప్రజలకు కాలువల వ్యవస్థ సుపరిచితం. 1855లో పూర్తయిన ఆనకట్ట, తరువాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి కృష్ణమ్మను ప్రధాన కాలువలకు, వాటినుండి పిల్ల కాలువలకు, చివరకు శివారు పొలాలకు చేర్చాయి. గుండెలోనూ ఇటువంటి అమరిక ఉంది. అయితే అందులో ప్రవహించేది అతి స్వల్పమైన విద్యుత్ సంకేతం. గుండె కుడి పై గదిలోని చిన్న కణసముదాయం విశ్రాంతి వేళ నిమిషానికి 60 నుండి 100 సార్లు ఈ సంకేతాన్ని పుట్టిస్తుంది. అది నడుమనున్న కూడలిని దాటి క్రింది గదులకు చేరినప్పుడు గుండె ముడుచుకొని రక్తాన్ని పంపుతుంది. సంకేతం పుట్టడం మందగించినా, నడుమ దారి మూసుకుపోయినా, పూడిక పడిన కాలువ చివర శివారు పొలం ఎండినట్లు, క్రింది గదులకు సంకేతం సకాలంలో అందదు. నాడి 30, 40కి పడిపోతుంది. మనిషి కుప్పకూలవచ్చు.

ఈ లోటును తీర్చేదే పేస్‌మేకర్. కాలరు ఎముక క్రింద, చర్మం లోపల అమర్చే ఈ చిన్న లోహపు డబ్బీలో బ్యాటరీ, విద్యుత్ వలయం ఉంటాయి. దానినుండి సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోనికి వెళతాయి. యంత్రం ప్రతి స్పందననూ గమనిస్తూ, స్పందన రాని చోట మాత్రమే తాను సంకేతం ఇస్తుంది.

ఇటువంటి పరికరాన్ని శరీరం లోపల తొలిసారి అమర్చినది 1958 అక్టోబరు 8న, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో. రూనె ఎల్మ్‌క్విస్ట్ రూపొందించిన యంత్రాన్ని శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్ 43 ఏళ్ల ఆర్నె లార్సన్‌కు అమర్చారు. మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది. అయినా లార్సన్ జీవితకాలంలో ఇరవైకి పైగా యంత్రాలను మార్పించుకొని, 86 ఏళ్లు జీవించి, 2001లో గుండెకు సంబంధించని వ్యాధితో కన్నుమూశారు. నేటి యంత్రాల బ్యాటరీ సాధారణంగా 8 నుండి 12 సంవత్సరాలు పనిచేస్తుంది.

ఒక్క విషయం మరువరాదు. పేస్‌మేకర్ గుండెకు లయను ఇస్తుంది, బలాన్ని ఇవ్వదు. బలహీనపడిన గుండె కండరాన్ని గాని, మూసుకుపోయిన రక్తనాళాన్ని గాని సాధారణ పేస్‌మేకర్ బాగుచేయలేదు.

మెట్ల దగ్గర ఆయాసం ఎందుకు?

మొదటి కారణం వేగం చాలకపోవడం. మెట్లు ఎక్కేటప్పుడు ఆరోగ్యవంతుని నాడి 110, 120 వరకూ పెరుగుతుంది. అనేక పేస్‌మేకర్లు శరీరపు కదలికను పసిగట్టి వేగం పెంచుతాయి. అయితే నెమ్మదిగా, ఒక్కొక్క మెట్టూ ఎక్కేవారి దేహం అంతగా కదలదు. శ్రమ ఎక్కువైనా యంత్రం దానిని గుర్తించలేకపోవచ్చు. దిగేటప్పుడు ఒళ్లు ఎక్కువగా అదురుతుంది గనుక, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే నాడి వేగం పెరగడమూ కద్దు. ఈ అమరికను శస్త్రచికిత్స లేకుండానే, బయటినుండి ప్రత్యేక పరికరంతో సరిచేయవచ్చు. అందువలన ‘నీరసంగా ఉంది’ అని మాత్రమే చెప్పక, ‘చదునైన చోట అరగంట నడవగలను, పదో మెట్టు దగ్గర ఆగిపోతున్నాను’ అని స్పష్టంగా చెప్పాలి.

రెండవది మందుల ప్రభావం. మూడవది గుండె కండరపు బలహీనత. దీర్ఘకాలం పేస్‌మేకర్ మీద ఆధారపడిన కొందరిలోనూ ఇది రావచ్చు. ఎకో పరీక్షలో తెలుస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, ఊపిరితిత్తుల వ్యాధి కూడా ఇదే లక్షణాన్ని చూపుతాయి. నాలుగవది, నెలల తరబడి భయంతో మంచం పట్టి ఉండడం వలన కాళ్ల కండరాలు సన్నగిల్లడం.

మందులు – వాటి ఇబ్బందులు

మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ వంటివి నాడిని నెమ్మదింపజేస్తాయి. అలసట, చేతులు చల్లబడడం వీటివలన కలగవచ్చు. వీటిని హఠాత్తుగా మానితే గుండెదడ, ఛాతీనొప్పి తిరగబెట్టే ప్రమాదం ఉంది. రామిప్రిల్, ఎనాలప్రిల్ కొందరికి విడువని పొడిదగ్గు తెస్తాయి. ఆమ్లోడిపిన్ వలన చీలమండలు వాచవచ్చు. స్పైరనోలాక్టోన్ వాడే పురుషులలో రొమ్ము వాపు, నొప్పి రావచ్చు. సిగ్గుపడి దాచుకోనవసరం లేదు. వీటిలో చాలావాటికి మోతాదు మార్చడమో, మరో మందు ఇవ్వడమో సాధ్యపడుతుంది. మార్చవలసినది వైద్యుడే.

స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ వంటి మందులు రక్తంలో పొటాషియంను పెంచుతాయి. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం అధికం. ఉపవాసం నాడు కొబ్బరినీళ్లతోనే గడిపే భక్తులు ముందుగా వైద్యుని సంప్రదించడం మంచిది. వార్‌ఫరిన్ వంటి రక్తం పలుచబరచే మందు వాడేవారు ఆకుకూరలను మానవలసిన పనిలేదు. ఒకవారం అసలు తినక, మరొకవారం పూటపూటా తినడం మాత్రం తగదు. అట్టివారు తలనీలాలు సమర్పించేటప్పుడు ఆ సంగతి క్షురకునికి ముందే చెప్పాలి. చిన్న గాటుకూ రక్తం త్వరగా ఆగదు.

క్యూలైనులో మూత్రానికి వెళ్లవలసి వస్తుందని నీరు పోయే మాత్రను దర్శనం నాడు మానివేయడం సర్వసాధారణమైన పొరపాటు. మానితే కాళ్లలో, ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. ప్రయాణపు రోజున మాత్ర వేళను మార్చుకోవచ్చునేమో వైద్యుని అడగండి. భవానీ దీక్షలో ఏకభుక్తం పాటించేవారు రెండుపూటల మాత్రల విషయం దీక్ష స్వీకరించక ముందే మాట్లాడుకోవాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి, వడియాలలోని ఉప్పు నీరు పట్టడానికి తోడ్పడుతుందని గుర్తుంచుకోవాలి.

ఆలయంలో పాటించవలసినవి

యంత్రం అమర్చిన తొలి నాలుగు నుండి ఆరు వారాలు ఆ వైపు చేతిని భుజం కంటే పైకి ఎత్తరాదు. ఆ చేతితో గంట మ్రోగించడం, రెండు చేతులూ శిరస్సుపైకి ఎత్తి నమస్కరించడం, ఇరుముడిని పట్టుకోవడం వాయిదా వేసుకోవాలి. గాయం మానేవరకు సాష్టాంగ ప్రణామం వద్దు. అలాగని చేతిని బొత్తిగా కదల్చకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది.

భద్రతా ద్వారం గుండా ఆగకుండా మామూలు నడకతో వెళ్లవచ్చు. చేతి పరికరంతో తనిఖీ చేస్తే పేస్‌మేకర్ కార్డు చూపి, ఛాతీమీద దానిని నిలిపి ఉంచవద్దని కోరండి. సెల్‌ఫోనును ఎదురువైపు జేబులో ఉంచండి. ఉత్సవాల మైకు పెట్టెలలో అయస్కాంతాలు ఉంటాయి. వాటికి ఆనుకొని నిలబడకండి. అన్నప్రసాదాల వంటసేవలో పాల్గొనేవారు ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించాలి.

మళ్లీ మెట్లు ఎక్కడం ఎట్లా?

వైద్యుని అనుమతితో చదునైన నేలమీద పది నిమిషాల నడకతో ప్రారంభించి, వారానికి కొన్ని నిమిషాల చొప్పున పెంచండి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం తగినదే. మాట తెగుతుంటే తగ్గించాలి. వేసవిలో ఎండ ముదరకముందే ముగించాలి. మెట్లు అయిదారుతో మొదలుపెట్టి, మధ్యమధ్య కూర్చుంటూ పెంచుకోవచ్చు. అంతవరకు ఘాట్ రోడ్డు, మహామండపం లిఫ్టు ఉన్నాయి. మెట్ల పూజ మొక్కు ఉన్నవారు శక్తికి తగినన్ని మెట్లకే పసుపు కుంకుమలు సమర్పించవచ్చు.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని ఆయాసం కలిగితే వెంటనే 108కు ఫోన్ చేయాలి. రెండు మూడు రోజులలో రెండు కిలోల బరువు పెరిగినా, యంత్రం ఉన్నచోట ఎరుపు, వాపు, చీము కనిపించినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్లాలి.

కుటుంబసభ్యులు తెలుసుకోవలసిన మాట ఒకటి మిగిలింది. పేస్‌మేకర్ గలవారు కాలం చేసినప్పుడు దహనానికి ముందే ఆసుపత్రి సిబ్బంది చేత దానిని తీయించాలి. అగ్నిలో బ్యాటరీ పేలుతుంది. ఈ సంగతి ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.

ఈసారి దర్శనానికి బయలుదేరేముందు మాత్రల పెట్టె, పేస్‌మేకర్ కార్డు, వైద్యుని ఫోన్ నంబరు పూజాద్రవ్యాలతోపాటు సంచిలో పెట్టుకోండి. ఎన్నో మెట్టు దగ్గర ఆయాసం వచ్చినదీ ఒక కాగితం మీద వ్రాసుకొని, తదుపరి పరీక్షనాడు వైద్యునికి చూపండి. భక్తులందరికీ ఆరోగ్యభాగ్యాన్ని ప్రసాదించవలసినదిగా జగన్మాతను ప్రార్థిద్దాం.