గురి తప్పితే నేరం తుపాకిదేనా?

అమీర్‌పేట (మైత్రీవనం): 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట వినోదం ముగిసింది. పైరు మేసే అడవిపందిని కాల్చాలన్నా అనుమతి విధిగా పొందాలి. అయినా ఇషాపూర్ ఫ్యాక్టరీ వారి .315 రైఫిల్ లైసెన్సుదారుల ఇళ్లలో నేటికీ ఉంది. బ్రిటిష్ హయాంలో సైన్యం వాడే .303 తూటా పౌరులకు నిషిద్ధం కావడంతో ఈ సైజు వాడుకలోకి వచ్చింది.

కొత్త తుపాకీ అయినా గురి నిలవడం లేదని పలువురు వాపోతుంటారు. ముందుగా కారణం కనుక్కోవాలి. అనుమతి గల షూటింగ్ రేంజిలో తుపాకీని ఇసుక బస్తాపై ఆనించి, ఒకే రకం తూటాలు మూడు కాల్చి చూడాలి. మూడూ ఒకేచోట పడి, గురికి పక్కగా ఉంటే సైటు సరిచేయిస్తే చాలు. చెల్లాచెదురైతే కొయ్యను బిగించే మరలు వదులై ఉండవచ్చు, గొట్టంలో మసి పేరుకొని ఉండవచ్చు. వానాకాలం తేమకు ఉబ్బిన కొయ్య గొట్టాన్ని నొక్కినా గుండు దారి మారుతుంది. ఈ మరమ్మతులు లైసెన్సుగల మిస్త్రీయే చేయాలి.

2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ పోటీపడిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అంశంలో నడిమి చుక్క అర మిల్లీమీటరే! పొలంలో అంత సూక్ష్మం అక్కరలేదు. కాని గురి తప్పి గాయపడిన పంది చేనులోనే నక్కుతుంది. తెల్లవారి కలుపుతీతకు వచ్చే కూలీలపై పడేది అదే.