చిన్న ముప్పును దాచరాదు



మన పుట్టపర్తి చిత్రావతీతీరమున నున్నది. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము – ఎటు చూచినను మెట్టనేలయే కాని కడలి కానరాదు. అయినను కడలినడుమ త్రవ్విన బావులనుండి వచ్చు చమురును, వాయువును మన దేశమున పొయ్యిలను, బండ్లను నడుపుటకు తోడ్పడుచున్నవి. కాకినాడ కెదురుగా లోతునీటిలోని కె.జి. డి-6 క్షేత్రమున 2009లో వాయువు తీయ నారంభించిరి. అట్టిచోట్ల పనిచేయువారు మనవంటి యిండ్లలోని బిడ్డలే. వారి ప్రాణములను కాచున దేదియో మనమును తెలిసికొనవలదా?

సముద్రముమీది ప్లాట్‌ఫారమనగా ఇనుపకంబములపై నిలిపిన చిన్న ఊరు. క్రింద మండు వాయువు, చుట్టును నీరు. పరుగెత్తి పోవుటకు త్రోవ లేదు. అచ్చట చిన్న లోపమే పెనుముప్పునకు మూలమగును.

2005 జూలై 27వ తేదీన బొంబాయి హై క్షేత్రమున జరిగినది వినుడు. ఒక ఓడలోని వంటవానికి వ్రేళ్లు తెగెను. వానకాలపు హోరులో అతనిని చికిత్సకై ప్లాట్‌ఫారము మీదికి చేర్చిరి. ఆ సమయమున ఓడ అలలకు ఒరిగి వాయుగొట్టములను తాకెను. వాయువు వెలికి చిమ్మి అంటుకొనెను. రెండు గంటలలో ఆ కట్టడము కూలెను. 362 మందిని రక్షింపగలిగిరి. 22 మంది తిరిగి రాలేదు.

అంతకు ముందు 1988 జూలై 6వ తేదీన బ్రిటను దగ్గరి ఉత్తరసముద్రమున పైపర్ ఆల్ఫా యను ప్లాట్‌ఫారము కాలి 167 మంది మడిసిరి. మరమ్మతునకై ఒక పంపునుండి రక్షణకవాటమును తీసియుంచిరి. ఆ సంగతి వ్రాసిన కాగితము రాత్రిపనివారికి అందలేదు. వారు తెలియక ఆ పంపును నడిపిరి. ఒక్క మాట చేరకపోవుటచే ఎన్ని యిండ్లలో దీపములారెనో చూడుడు! 1990లో కల్లెన్ ప్రభువు నివేదిక 106 సూచనలను చేసెను. ఎచ్చట ఏ యపాయము కలుగవచ్చునో, దాని నెట్లు నివారింతురో యజమానియే ముందుగా వ్రాసి చూపవలెనను నియమము దానినుండి పుట్టినది.

మన దేశమునను సముద్రచమురు పనుల భద్రతకై 2008లో నియమములు వెలువడినవి. వాని యమలును చూచుట చమురు పరిశ్రమల భద్రతా డైరెక్టరేటు వంతు. అపాయముల నంచనా వేయుట, ఆపత్కాలమునకు ఏర్పాట్లు చేసికొనుట, ప్రమాదములను తెలుపుట కంపెనీల విధులు. ప్రాణము పోయిన తరువాత తెలుపుట ఎవరికైనను తప్పదు. తృటిలో తప్పిన ముప్పును తెలుపుటయే నిజమైన భద్రత. జారిన కాలు, కారిన కీలు, మ్రోగని గంట – వీనిని వ్రాసియుంచినచో రేపటి మంట నేడే ఆరును.

గట్టుమీదను ఇదియే పాఠము. కోనసీమలో పాశర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకొని 65 దినములు మండెను. 2014 జూన్ 27 వేకువను నగరము గ్రామమున వాయుగొట్టము పగిలి ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి.

లక్కయింటి యపాయమును విదురుడు ముందే సూచించెను. పాండవులు విని బ్రతికిరి. విభీషణుడు హితము చెప్పెను. రావణుడు వెడలగొట్టి చెడెను. లోపమును చెప్పినవానిని దండించు చోట మరునాడు నోరు విప్పువా డుండడు. అచ్చటి నియమములు కాగితముననే నిలుచును.

కావున మీ భర్తయో, కొడుకో, తమ్ముడో అట్టి పనినుండి సెలవున వచ్చినపుడు జీత మెంతయని మాత్రమే యడుగకుడు. "అచ్చట చిన్న పొరపాట్లను వ్రాయుదురా? చెప్పినవానిని మన్నింతురా?" అనియు నడుగుడు. ఇంటను ఇదే నీతి. వంటగ్యాసునకు సహజముగా వాసన లేదు. కారినపుడు తెలియుటకే దుర్గంధమును కలుపుదురు. ఆ వాసన తగిలినచో అగ్గిపుల్ల గీయకుడు, విద్యుత్తు మీటలను ముట్టకుడు. సిలిండరును కట్టి, తలుపులు తెరచి, వెలికి వచ్చి 1906 నంబరునకు తెలుపుడు. బిడ్డ పాత్ర పగులగొట్టి వచ్చి నిజము చెప్పినపుడు కొట్టకుడు. నిజము చెప్పుట కింట వెఱవని బిడ్డయే రేపు కడలినడుమ పదిమంది ప్రాణములు నిలుపును.