ఇంజనుకు ఏ నూనె మంచిది?

వేసవిలో గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలతో వచ్చు లారీలలో కొన్నింటి పొగ నీలిరంగుగా నుండును. ఇంజనులోని కందెన నూనె కాలుచున్నదనుటకు అది గుర్తు.

చిక్కని ఆముదము కాచినచో పలుచనగును గదా! ఇంజను నూనెయు అంతే. మరీ పలుచనైన నూనె పిస్టను రింగులను దాటి పైకి పోయి కాలును. మిగిలిన బొగ్గు రింగుల గాడులలో పేరుకొని వాటిని కదలనీయదు. అప్పుడు మరింత నూనె పైకి పోవును.

అట్లని మరీ చిక్కని నూనెయు పనికిరాదు. ఇంజను కదలగానే అది అన్ని భాగములకు త్వరగా చేరదు, అరుగుదల హెచ్చును.

డబ్బాపై '15డబ్ల్యు-40' వంటి గుర్తుండును. మొదటి అంకె చలిలో నూనె నడతను, రెండవది 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద దాని చిక్కదనమును తెలుపును. బయటి ఎండ 45 డిగ్రీలైనను ఇంజను లోపలి వేడి అంతకంటె ఎంతో హెచ్చు. కనుక ఎండను చూచి కాక, ఇంజను తయారీదారు సూచించిన గుర్తును చూచి నూనె కొనవలెను.

మంచి నూనెలోని రసాయనములు మసిని ముద్దకట్టనీయక తమలో నిలుపుకొనును. అందుచే నూనె నల్లబడుట దోషము కాదు. గడువుకు మార్చకపోవుటయే దోషము.

రింగులే అరిగిపోయినచో ఏ నూనెయు మందు కాదు, మరమ్మతు చేయింపవలసినదే.