తామరాకు – నీటిబొట్టు

తామరాకుపై నీరు అంటకుండుట నిస్సంగత్వమునకు ఉపమానముగా మన కావ్యములందు ప్రసిద్ధము. ఉపమానమును బోధించు మనము ఆ వస్తువును గూడ ఎరుగుట మేలు. మామిడి మున్నగు పెక్కు చెట్ల ఆకులకు పత్రరంధ్రములు అడుగువైపున నుండును. నీటిపై తేలు తామరాకునకు అట్లు వీలుకాదు. అవి పైముఖముననే కలవు. కిరణజన్య సంయోగక్రియకు వలయు బొగ్గుపులుసు వాయువు ఆ ద్వారములగుండనే లోనికి రావలెను. నీటిలో నీ వాయువు గాలిలో కంటె సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును. కావున పైన నీటిపొర నిలిచినచో ఆకునకు ఆహారము కొరవడును. మైనపుపూత గల సూక్ష్మమైన బుడిపెలు నీటిని నిలువనీయవు. జారు బొట్టు ధూళిని గూడ కొనిపోవునని జర్మను శాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో వివరించిరి. పైపొరకు దిగువనే, వెలుగు మొదట సోకు తావున, పత్రహరితము నిండిన స్తంభకణములు బారులు తీరియున్నవి.