బోరులో తేటనీరు, బకెట్లో ఎర్రనీరు: బస్తర్ ఇళ్లలో వేసవికి ముందు పైపుల పని

చలిదేశాల్లో వసంతం రాగానే ఇంటివాళ్లు ముందుగా చూసేది, శీతాకాలంలో నీళ్లు గడ్డకట్టి పైపులేమైనా పగిలాయా అని. జగదల్‌పూర్, దంతెవాడ, కిరండూల్ వైపు ఆ భయం లేదు. ఇక్కడ పైపులను, ట్యాంకులను పాడుచేసేది ఇనుము. దానికి తోడు ఫాల్గుణం దాటితే బోరులో నీటిమట్టం దిగడం మొదలవుతుంది. ఇప్పపువ్వు రాలే రోజులకూ రోహిణి ఎండలకూ మధ్య దొరికే ఈ కొద్ది వారాలే ఇంటి నీళ్ల ఏర్పాటును సరిచూసుకోవడానికి మంచి సమయం. మేలో ట్యాంకు కడగాలంటే అసలు నీళ్లే చాలకపోవచ్చు.

బస్తర్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే ఇనుము బైలదిల్లాది. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో ఆ ఖనిజం దశాబ్దాలుగా విశాఖకు దిగుతోంది. అందుకే కొళాయిలో ఎర్రనీరు కనిపిస్తే ‘కొండలోని ఖనిజం కరిగి వస్తోంది’ అనేస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. బైలదిల్లా ఖనిజం ప్రధానంగా హెమటైట్. అందులోని ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, మామూలు నీటిలో దాదాపు కరగదు. వాగు నీటిలో ఎర్రగా కనిపించేది తేలియాడే సన్నని ధూళి. బోరునీటి సంగతి వేరు. భూమి లోపల ఆక్సిజన్ అందని చోట సూక్ష్మజీవులు మట్టిలోని, రాతిలోని ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్ రూపంలోకి మారుస్తాయి. ఫెర్రస్ ఇనుము నీటిలో ఇట్టే కరుగుతుంది, పైగా రంగు ఉండదు. అలా తేటగా పైకి వచ్చిన నీటికి గాలి తగిలాక ఇనుము మళ్లీ ఫెర్రిక్‌గా మారి, ఎర్రటి హైడ్రాక్సైడ్ మడ్డిగా అడుగుకు చేరుతుంది.

ఈ తేడా తెలిస్తే లోపం ఎక్కడుందో ఇంట్లోనే కనిపెట్టవచ్చు. తెల్లటి గాజుసీసాలో బోరునీటిని నేరుగా పట్టండి. మొదట తేటగా ఉండి, కొన్ని గంటల్లో ఎర్రబడితే ఇనుము భూమిలోంచే కరిగి వస్తోందని అర్థం. బోరు దగ్గర తేటగానే నిలిచి, వంటింటి కొళాయిలో మాత్రం పొద్దున్నే మొదటి రెండు నిమిషాలు ఎర్రగా వస్తే తప్పు పాత జీఐ పైపుది. రాత్రంతా నిలిచిన నీళ్లు తుప్పును వెంట తెస్తున్నాయి. మోటారు వేసినప్పుడల్లా కొళాయి ఎర్రబడుతుంటే ట్యాంకు అడుగున మడ్డి కదులుతోందన్నమాట. మరో పరీక్ష మన వంటిళ్లకు పాతదే: గ్లాసు నీటిలో చిక్కటి టీ డికాక్షన్ గానీ, నలగ్గొట్టిన కరక్కాయ నానబెట్టిన నీళ్లు గానీ వేస్తే, ఇనుము ఎక్కువున్న నీరు నల్లబడుతుంది. వీటిలోని టానిన్లు ఇనుముతో కలిసి సిరాలాంటి పదార్థమవుతాయి. కరక్కాయ బస్తర్ అడవి సరుకే కాబట్టి ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఎంత ఇనుముందో మాత్రం ఇది చెప్పదు, అంకె కావాలంటే నీటి పరీక్షశాలకు పంపాల్సిందే.

లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు, గచ్చుకు మరకలు పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ స్థాయి దగ్గర ఇనుము ఆరోగ్యానికి చేసే కీడేమీ లేదు. కాబట్టి ఇది రంగు, రుచి సమస్య మాత్రమేనని తీసిపారేయడం సులువు. నాకు అలా అనిపించదు. కారణం క్లోరిన్.

ఒక లెక్క చూద్దాం. నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఇనుము ఉందనుకోండి. ఒక మిల్లీగ్రాము ఇనుమును ఫెర్రిక్‌గా మార్చడానికి సుమారు 0.63 మిల్లీగ్రాముల క్లోరిన్ ఖర్చవుతుంది. అంటే లీటరుకు 1.9 మిల్లీగ్రాములు. వెయ్యి లీటర్ల ట్యాంకులో మామూలుగా వేసే రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వల్ల లీటరుకు దొరికే క్లోరిన్ 0.8 మిల్లీగ్రాములకు కాస్త పైన. అదంతా ఇనుమే తినేస్తుంది, క్రిములకు మిగిలేది సున్నా. ఇంటివాళ్లు మాత్రం ‘మందు వేశాం కదా’ అన్న ధైర్యంతో పిల్లలకు ఆ నీళ్లే తాగిస్తారు. మందు వేసిన అరగంట తర్వాత కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగలాలి. మిగిలిందో లేదో చూడటానికి చిన్న కిట్లు దొరుకుతాయి, ఇనుమున్న చోట అది తప్పనిసరి ఖర్చు.

అందువల్ల వరుస ముఖ్యం: ముందు గాలి, తర్వాత వడపోత, ఆ తర్వాతే క్లోరిన్. గాలి తగిలి మడ్డిగా మారిపోయిన ఇనుము ఇక క్లోరిన్‌ను తినదు. ట్యాంకులోకి వచ్చే పైపును నీటిలో ముంచి ఉంచకుండా, చివర చిల్లుల మూత బిగించి నీళ్లు ధారలుగా పడేలా చేస్తే సగం పని అవుతుంది. అయితే ఈ మార్పు వేగం పీహెచ్‌ను బట్టి ఉంటుంది. పీహెచ్ ఒక అంకె తగ్గితే వేగం సుమారు వందో వంతుకు పడిపోతుంది. మీ నీరు కాస్త పుల్లనిదైతే ఒక రాత్రి నిల్వ చాలకపోవచ్చు. ఆర్వో యంత్రం ఉన్నవాళ్లు కూడా దాని ముందు ఇసుక వడపోత పెట్టుకోకపోతే పొర త్వరగా పూడుకుపోతుంది.

పై లెక్కలోని నీటినే రోజుకు 500 లీటర్లు వాడే ఇంట్లో, ఏడాదికి ఎండు లెక్కన సుమారు కిలో హైడ్రాక్సైడ్ తయారవుతుంది. అందులో సగం ట్యాంకులో ఆగినా, నీటితో ఉబ్బి బకెట్లకొద్దీ మడ్డి అవుతుంది. జిగురుగా, నారింజ రంగులో, బూజు వాసనతో ఉంటే ఇనుము బ్యాక్టీరియా చేరాయన్నమాట. ఇవి జబ్బు చేయవు కానీ పైపు గోడలకు అంటుకుని దారి మూస్తాయి. మామూలు బ్రష్‌తో రుద్ది, మడ్డి నీటిని అడుగు గొట్టం గుండా వదిలేయండి. వంటింటి పైపుల్లోకి మాత్రం పోనివ్వకండి. తర్వాత వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైపుల్లోనూ ఆ నీరు నిండేలా కొళాయిలు ఒకసారి తిప్పి, రాత్రంతా ఉంచి పారబోయాలి. ఆ రాత్రి ఆ నీళ్లు ఎవరూ వాడకూడదు. నేల సంపులోకి ఒంటరిగా దిగొద్దు. మూసి ఉన్న సంపులో ఆక్సిజన్ తగ్గి ఉండవచ్చు.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఒకటుంది. తుప్పు మరకలు పోవాలని బాత్రూముల్లో యాసిడ్ పోస్తారు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎక్కడ కలిసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది, కిటికీ లేని చిన్న గదిలో అది ప్రాణాంతకం. రెండూ ఒకేరోజు వాడకండి. నిజానికి బ్లీచింగ్ పౌడర్ తుప్పు మరకను తీయదు, పైగా మరింత గట్టిపరుస్తుంది. మరకకు కావాల్సింది ఇనుమును పట్టుకుని కరిగించే ఆమ్లం. నిమ్మ ఉప్పు ఆ పని చేస్తుంది. జగదల్‌పూర్ మార్కెట్‌కు బస్తాలకొద్దీ వచ్చే చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కూడా చేస్తుంది, కాస్త ఓపిక కావాలి అంతే.

కొళాయి ధార సన్నబడితే చాలామంది మోటారును అనుమానిస్తారు. నీళ్లు మేడమీది ట్యాంకు నుంచి దిగుతున్నప్పుడు మోటారుకు దానితో సంబంధం లేదు. 15 మిల్లీమీటర్ల పైపు లోపల తుప్పు పేరుకుని 12కు తగ్గిందనుకోండి. పుస్తకాల్లో వ్యాసార్ధపు నాలుగో ఘాతం అని ఉంటుంది కానీ అది నెమ్మదైన ప్రవాహానికి. ఇంటి పైపుల్లోని సుడుల ప్రవాహానికి వ్యాసపు రెండున్నర ఘాతం దగ్గరి లెక్క. ఆ ప్రకారం నీళ్లు 57 శాతానికి పడిపోతాయి. పైపు మార్చే ముందు కొళాయి మూతిలోని జాలీ విప్పి కడిగి చూడండి, చాలాసార్లు అక్కడితో తీరుతుంది.

లీకేజీల విషయం త్వరగా చెప్పుకుందాం. సెకనుకు ఒక చుక్క కారే కొళాయి రోజుకు 4 లీటర్ల పైచిలుకు పోగొడుతుంది, ఒక వాషర్ పని. చప్పుడు లేకుండా కారే ఫ్లష్ ట్యాంకు అంతకంటే ఎన్నో రెట్లు పోగొట్టగలదు. అందులో కాస్త ఆహార రంగు వేసి, ఇరవై నిమిషాలు వాడకుండా ఉండి, కింద రంగు కనిపిస్తుందేమో చూడండి. మొత్తం ఇంటికి పరీక్ష కావాలంటే, అన్నీ కట్టేసి రాత్రి పడుకునే ముందు మేడమీది ట్యాంకులో నీటిమట్టాన్ని కర్రతో కొలవండి. 1.1 మీటర్ల వ్యాసమున్న ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గడమంటే తొమ్మిదిన్నర లీటర్లు. మూత సరిగ్గా కూర్చుంటోందా అన్నదీ అప్పుడే చూడాలి. మూతలేని ట్యాంకు డెంగీ దోమకు ఇల్లు.

బావి మీద మోటారు పెట్టి పీల్చుకునేవాళ్లకు మరో చిక్కు. పీల్చే పంపు నీటిని పైకి లాగదు, వాతావరణ పీడనమే నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర దాని హద్దు 10.3 మీటర్లు. సుమారు 550 మీటర్ల ఎత్తులో ఉన్న జగదల్‌పూర్‌లో అది 9.7కు, 1200 మీటర్లు దాటే బైలదిల్లా శిఖరాల మీద తొమ్మిదిలోపుకు తగ్గుతుంది. పైపు రాపిడి, గాలి లీకులు పోగా పనికొచ్చేది ఆరేడు మీటర్లే. నీరు ఆ లోతుకు దిగితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. పొడిగా తిరిగి సీలు కాలిపోతుంది. ఇప్పుడే బావిలో తాడు వదిలి మట్టం కొలిచి గోడ మీద రాసుకోండి. పది రోజులకోసారి కొలిస్తే మోటారును బావి లోపలి గట్టు మీదికి ఎప్పుడు దించాలో, ఫుట్‌వాల్వ్ ఎప్పుడు గాలిలో తేలుతుందో ముందే తెలుస్తుంది.